లవము, హారము: బూర్గంపాడు సీమ లెక్కలు

చెన్నపురి రాజధానికి గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822లో తన కలెక్టర్లకెల్లరకు ఒక ఉత్తరువు పంపెను. ఒక్కొక్క జిల్లాలో వీథిబడులెన్ని, పైచదువుల పాఠశాలలెన్ని, అందు చదువుకొనువారెందరు, వారిలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులములవారు, ముసల్మానులు వేర్వేరుగా నెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అను సంగతులను గళ్లు గీసిన పట్టికలో నింపి పంపవలసినదని దాని సారాంశము. జవాబులన్నియు చేరుటకు రెండున్నర యేండ్లకు పైబడినది. వానిని కూడి చూచిన పిమ్మట 1826 మార్చి 10వ తేదీన ఆయన వ్రాసిన అభిప్రాయపత్రమునందు, రాజధానిలో మొత్తము 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును, జనసంఖ్య 1,28,50,941యును ఉన్నట్లు తేల్చి, జనసంఖ్యను ఇంచుమించు కోటి యిరువదియైదు లక్షలుగా గొని 67 మందికి ఒక్కరు మాత్రమే బడిలో నున్నారన్న రెవెన్యూ బోర్డువారి మాటను ఉదాహరించెను.

ఇంతటితో కలము దించియున్నచో మన్రోను ఈ గ్రంథములో తలచుకొనవలసిన పని లేకపోయెడిది. ఆయన మరల ఆలోచించెను. జనసంఖ్యలో సగము స్త్రీలు; ఆనాడు ఆడపిల్లలు బడికి పోవుట మిక్కిలి అరుదు. మిగిలిన పురుషులలోను బడియీడువారు, అనగా అయిదేండ్లకును పదేండ్లకును నడుమనున్నవారు, తొమ్మిదవ వంతు మాత్రమే యని తీసికొన్నచో వారి సంఖ్య 7,13,000. బడిలో నున్న మగపిల్లలు 1,84,110. కావున నలుగురిలో ఒకరికంటె కొంచెము ఎక్కువగానే చదువుచున్నారు. ఇంటివద్దనే చదువు చెప్పించుకొనువారిని కూడ కలుపుకొన్నచో ఆ పాలు మూడవ వంతుకు చేరువగునని ఆయన అంచనా. బడిలోని పిల్లల సంఖ్య ఇంచుమించు కదలలేదు, కదలినది హారము. అరువది యేడింట ఒక వంతు నాల్గింట ఒక వంతుకు పైబడుటకు ఒక్క కొత్త బడియైనను తెరువవలసిన అవసరము కలుగలేదు. ఆడపిల్లలను హారమునుండి తొలగించుట వలన లెక్క బాగుపడినదే గాని వారి చదువు బాగుపడలేదన్న సంగతిని పాఠకుడు తనంతట తానే గమనించియుండును.

ఆ పట్టికలు నూటయేబది యేండ్లకు పైగా దస్తావేజుల కొట్టములలో నిద్రించినవి. ధరంపాల్ అను పరిశోధకుడు వానిని ఎత్తి వ్రాసికొని 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అను గ్రంథమున అచ్చు వేయించిన తరువాత, కులములవారీ గళ్లలోని అంకెలు పండితలోకమున పెద్ద దుమారము లేపినవి. తమిళ జిల్లాల బడులలో శూద్ర విద్యార్థులే అధికసంఖ్యాకులుగా నుండుటయు, తెలుగు జిల్లాలలో బ్రాహ్మణ విద్యార్థుల పాలు అక్కడికంటె హెచ్చుగా నుండుటయు అప్పుడే సామాన్య పాఠకులకు తెలియవచ్చినవి. అంకెలను సేకరించినవాడొకడు, వాని అర్థమును విప్పినవాడు మరియొకడు. ఆ రెండవవాని చేతికి అవి చేరినందువలననే వాదప్రతివాదములు సాధ్యమైనవి. ప్రభుత్వము ప్రజాధనముతో సేకరించిన వివరములను ఎవ్వరైనను రుసుము చెల్లింపక, ఎవరి అనుమతియు కోరక, కంప్యూటరు నేరుగా చదువగల రూపమున తీసికొని, తిరిగి గుణించి, తాము కనుగొన్నదానిని ప్రకటించుకొనుటకు వీలుండవలెనను నియమమునే నేడు ఓపెన్ డేటా, అనగా బహిరంగ దత్తాంశము, అనుచున్నారు. మన దేశమున 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ విభాగమున, అడుగకయే ప్రకటింపవలసిన బాధ్యతను ప్రభుత్వ శాఖలపై నుంచినది. 2012లో జాతీయ దత్తాంశ విధానము వెలువడి, ఆ యేడే కేంద్రప్రభుత్వ పోర్టల్ ఆరంభమైనది. తెలంగాణ రాష్ట్రము 2016లో తన సొంత విధానమును ప్రకటించినది.

మన్రో పట్టికలలో గోదావరి కుడియొడ్డున నున్న బూర్గంపాడు ఊసు లేదు. ఉండుటకు వీలును లేదు. అది నిజాము రాజ్యము. ఎదుటి ఒడ్డున నున్న భద్రాచలము కూడ ఆనాడు నిజాముదే. 1860లో ఆ సీమ ఇంగ్లీషువారి వశమై, మొదట మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలోను, 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోను చేరినది. ఆనాటినుండి ఈ రెండు ఊళ్ల నడుమ పారు నది రెండు ప్రభుత్వముల సరిహద్దే గాక రెండు గణాంక గ్రంథముల సరిహద్దు కూడ అయినది. ఈవలి ఒడ్డు కోయవాని చదువు హైదరాబాదు సెన్సస్ సంపుటములో వెదకవలెను, ఆవలి ఒడ్డున నున్న అతని మేనమామ చదువు మద్రాసు సంపుటములో వెదకవలెను. 1941లో ఈ ప్రాంతపు కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్డార్ఫ్ నది ఇరుదరులందును తిరిగి చూచెను గాని, సర్కారు పట్టికలకు అట్టి స్వేచ్ఛ లేదు.

1953లో వరంగల్లునుండి ఖమ్మము జిల్లా వేరుపడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరినుండి దానిలో కలిసినవి. అప్పటినుండి 1961 మొదలు 2011 వరకు జరిగిన ఆరు జనగణనలలోను నదికి ఇరుదరులు ఒకే జిల్లా గ్రంథమునకెక్కినవి. ఇది పరిశోధకునికి దొరికిన గొప్ప అవకాశమే గాని, పూర్తిగా నిష్కంటకము కాదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినందున 1981 నాటి బూర్గంపాడు తాలూకా అంకెను 1991 నాటి బూర్గంపాడు మండలపు అంకెతో సరిపోల్చువాడు రెండు వేర్వేరు భూభాగములను సరిపోల్చుచున్నాడు.

అసలైన చిక్కు 2014లో వచ్చిపడినది. రాష్ట్ర విభజన సందర్భమున పోలవరము ముంపు ప్రాంతములను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చుచు పార్లమెంటు చేసిన సవరణ చట్టమును చదువునప్పుడు, అది శాసనమా లేక గ్రామకరణము చిట్టాయా అని సందేహము కలుగును. కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, బూర్గంపాడు మండలములో పినపాక, మోరంపల్లి బంజర, బూర్గంపాడు, నాగినేనిప్రోలు, కృష్ణసాగర్, టేకుల, సారపాక, ఇరవెండి, మోతె పట్టీనగర్, ఉప్పుసాక, సోంపల్లి, నకిరిపేట అను పన్నెండు రెవెన్యూ గ్రామములు తప్ప తక్కినదియు, ఆవలి ఒడ్డున చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములును, భద్రాచలము పట్టణము పోగా ఆ మండలమంతయు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. సీతారామనగరము, శ్రీధర వేలేరు, గుంపెనపల్లి, గణపవరము, ఇబ్రహీంపేట, రావిగూడెము ఈ విధముగా తమ మండల కేంద్రమునుండి విడిపోయి మొదట పశ్చిమ గోదావరిలోను, 2022 నుండి ఏలూరు జిల్లాలోను లెక్కకు వచ్చుచున్నవి. మిగిలిన బూర్గంపాడు 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది.

దీని ఫలితము అంకెలలో ఎట్లు కనుపించునో చూడుడు. 2011 జనగణన ప్రకారము అవిభక్త ఖమ్మము జిల్లా జనాభా 27,97,370. అందు షెడ్యూల్డు తెగలవారు నూటికి 27 మందికి కొంచెము పైన. అదే 2011 అంకెలను కొత్త హద్దుల ప్రకారము తిరిగి కూడినప్పుడు భద్రాద్రి కొత్తగూడెములో వారి పాలు దాదాపు 37 శాతమునకు ఎగబాకి, మిగిలిన ఖమ్మములో 14 శాతమునకు పడిపోవుచున్నది. ఒక్క మనిషియైనను ఇల్లు కదలలేదు, ఒక్క బిడ్డయైనను కొత్తగా పుట్టలేదు. ఖమ్మము జిల్లా గిరిజన విద్యను గూర్చి 2010లోను 2020లోను వ్రాయబడిన రెండు నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి, నడుమనున్న భేదమును పథకముల ఘనతకో వైఫల్యమునకో అంటగట్టు వ్యాసకర్త ఈ సంగతిని మరచినచో అతని పరిశ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరే.

పాఠశాలల దత్తాంశమున ఈ చీలిక మరింత స్పష్టముగా కనుపించును. దేశమునందలి ప్రతి బడికిని పదకొండు అంకెల యుడైస్ కోడు కలదు. మొదటి రెండు రాష్ట్రమును, తరువాతి రెండు జిల్లాను, పిదప రెండు మండలమును, మూడు గ్రామమును, చివరి రెండు బడిని తెలుపును. విభజనకు పూర్వము ఈ మండలములోని బడులన్నిటి కోడును 28తో ఆరంభమగుచుండెడిది. తరువాత సారపాకలోని బడికి తెలంగాణవారి 36 వచ్చినది; సీతారామనగరపు బడికి 28 నిలిచియే యున్నను జిల్లా అంకె మారినది. కాబట్టి ఒకే బడియొక్క పదేండ్ల చరిత్ర కావలసినవాడు దానిని ఒకే పేరున వెదకరాదు. పాత కోడునకును కొత్త కోడునకును వియ్యము కుదిర్చిన పట్టికను తానే తయారు చేసికొనవలెను.

పేరులను నమ్ముకొని పని సాగించుట ఇంకను ప్రమాదకరము. హైదరాబాదు రాజ్యపు కాగితములలో బూర్గంపహాడ్, తరువాతి కాగితములలో బూర్గంపాడు. ఇంగ్లీషు లిపిలో వ్రాసినవారు తమ చెవికి తోచినట్లు మూడు నాలుగు విధములుగా వ్రాసిరి. పైన చెప్పిన పన్నెండింటిలోని పినపాక ఒక రెవెన్యూ గ్రామము. అదే జిల్లాలో మణుగూరు వైపున పినపాక యను పేరనే ఒక మండలము వేరుగా నున్నది. పేరు పేరును జతచేయుమని ఆజ్ఞాపించినచో కంప్యూటరు ఏ సంకోచమును లేక ఒకదాని పిల్లలను మరియొకదాని బడిలో కూర్చుండబెట్టును. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి స్థానిక ప్రభుత్వముల డైరెక్టరీలో ప్రతి గ్రామమునకు విడివిడిగా కోడు ఉండుటయు, 2011 జనగణన కోడుతో దానిని ముడిపెట్టుటకు వీలుండుటయు ఈ ఇబ్బందిని చాలవరకు తీర్చుచున్నవి. సామ్ ఆషర్, పాల్ నోవొసాద్ మొదలగు ఆర్థికవేత్తలు ఈ విధముగనే దేశమునందలి అయిదు లక్షలకు పైబడిన గ్రామముల వేర్వేరు జనగణనల అంకెలను ఒక్క త్రాట కట్టి ష్రగ్ అను పేరుతో అందరికిని అందుబాటులో నుంచిరి. చూచుటకు గుమాస్తా పనివలె నుండు ఈ శ్రమయే ఈ శాస్త్రములో సగము.

ఊరులు జతపడిన పిమ్మట అక్షరాస్యత లెక్కకు రావచ్చును. జనగణనవారు గ్రామముల వారీగా ప్రకటించు ప్రాథమిక సారాంశములో మొత్తము జనము, ఆరేండ్లలోపు పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలు, అక్షరాస్యులు, సొంత సేద్యగాండ్రు, వ్యవసాయ కూలీలు మున్నగు గళ్లుండును. తొందరపాటున అక్షరాస్యుల సంఖ్యను మొత్తము జనముతో భాగించువారు పెక్కుమంది. నిబంధన ప్రకారము ఏడేండ్లు నిండినవారే హారమునకు అర్హులు. ఊహకు నూరుమంది గల ఒక గూడెమును తీసికొందము; అందు ఇరువదిమంది పసిపిల్లలు, నలుబదిమంది అక్షరాస్యులు. మొత్తముతో భాగించినచో 40 శాతము, ఎనుబదితో భాగించినచో 50 శాతము. పసిపిల్లల పాలు గిరిజన గూడెములలో పట్టణములకంటె సామాన్యముగా హెచ్చు. కావున ఈ పొరపాటు అందరి లెక్కను సమానముగా తగ్గింపదు, గూడెము లెక్కనే ఎక్కువగా తగ్గించి, లేని అంతరమును కొంత కల్పించును. ఉన్న అంతరము చాలదా! 2011లో అవిభక్త ఆంధ్రప్రదేశ్ మొత్తపు అక్షరాస్యత 67.02 శాతము కాగా షెడ్యూల్డు తెగలలో 49.21, ఆ తెగల స్త్రీలలో 40.09 మాత్రమే.

అక్షరాస్యుడనగా ఎవడన్న ప్రశ్నయు నున్నది. ఏదో ఒక భాషలో అర్థము తెలిసి చదువను వ్రాయను నేర్చినవాడని సెన్సస్ నిర్వచనము; గణకుడు పరీక్ష పెట్టడు, అడిగి వ్రాసికొనును. 2005 నుండి ప్రథమ్ సంస్థ జరుపుచున్న ఏసర్ సర్వేలో పిల్లవాని చేతికి రెండవ తరగతి పాఠమిచ్చి చదివించి చూతురు. ఈ రెండును వేర్వేరు వస్తువులను కొలుచుచున్నవి. పైగా ఏసర్‌లో జిల్లాకు ముప్పది గ్రామములు, గ్రామమునకు ఇరువది కుటుంబములే నమూనా. దానినిబట్టి జిల్లాను గూర్చి కొంత పలుకవచ్చును గాని బూర్గంపాడు మండలమును గూర్చి ఏమియు పలుకరాదు. మండలమునకు సెన్ససును, చదువు నాణ్యమునకు ఏసర్‌ను ఆశ్రయించి, రెండింటిని కలిపి వండిన పట్టిక చూడ సొంపుగా నుండును. నమ్ముటకు మాత్రము తగదు.

యుడైస్ లెక్కలలో ఏజెన్సీకి ప్రత్యేకమైన మరొక మెలిక కలదు. గిరిజన సంక్షేమశాఖవారి ఆశ్రమ పాఠశాలలోను, గురుకులములోను చదువు పిల్లలు ఆ బడియున్న గ్రామపు ఖాతాలో పడుదురు. వారి తల్లిదండ్రులు ఏ వాగు కావలి గూడెమున నున్నారో ఆ గూడెపు ఖాతాలో పిల్లలు జనసంఖ్యగా మిగిలి, బడిలో చేరినవారుగా మాయమగుదురు. చేరిక సంఖ్యను గ్రామపు బడియీడు పిల్లల సంఖ్యతో భాగించినచో ఒక గ్రామమున నూటికి మూడువందల మంది చదువుచున్నట్లును, మరియొక గ్రామమున ఎవ్వరును చదువనట్లును ఫలితము రావచ్చును. మొదటిది అబద్ధమని ఎవరికైనను తెలియును. రెండవది నిజమని నమ్మి, బిడ్డలను బడికంపని తలిదండ్రులను గూర్చి ఉపన్యాసములు దంచినవారున్నారు.

దూరపు గళ్లును ఇట్టివే. జిల్లా జనగణన గ్రంథములోని గ్రామ డైరెక్టరీలో, ఊరిలో బడి లేనప్పుడు సమీపపు బడి అయిదు కిలోమీటర్లలోపునా, అయిదునుండి పదిలోపునా, అంతకు మించియా అని మూడు అక్షరములతో సూచింతురు. విద్యాహక్కు నియమములు ప్రాథమిక పాఠశాల ఒక్క కిలోమీటరులోను, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలోను ఉండవలెనన్నవి. డైరెక్టరీలోని మొదటి అక్షరమును చూచి ఆ నియమము పాటింపబడినదో లేదో చెప్పజాలము. ఇక ఋతువుల మాట. కిన్నెరసాని బూర్గంపాడు వద్దనే గోదావరిలో కలియుచున్నది. పెద్దనది పొంగినప్పుడు వాగులు వెనుకకు తన్ని ఊళ్లను చుట్టివేయును. జూన్ నెలలో బడి తెరచునప్పుడు రెండు కిలోమీటర్లున్న దూరము ఆగస్టులో దాటరానిదగును. నదీమట్టముల లెక్కలు ఒక శాఖవద్ద, బడి హాజరు లెక్కలు వేరొక శాఖవద్ద నున్నవి. ఈ రెంటిని తేదీల వారీగా కలిపి చూచినచో వానకాలపు చదువు నష్టమును కొలుచుట కష్టము కాదు. కాలేజీ విద్యార్థులు పూనుకొనదగిన పని యిది.

సగటు అంకెను గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. బూర్గంపాడు మండలములోని సారపాకలో పెద్ద కాగితపు మిల్లు కలదు. భద్రాచలము పేపర్ బోర్డ్స్ అను పేరుతో మొదలై, 2002లో ఐటీసీలో విలీనమైనది. 2011 నాటికి సారపాకను సెన్సస్‌వారు పట్టణముగా గుర్తించిరి. మిల్లు ఉద్యోగముల వెంట దూరప్రాంతములనుండి చదువుకొన్న కుటుంబములు వచ్చి చేరుట సహజము. అట్టి పట్టణమును, అడవి అంచున నున్న గూడెములను ఒకే మండల సగటులో కలిపినప్పుడు వచ్చు శాతము ఇక్కడివారెవ్వరికిని వర్తింపని శాతము. ఆ సగటును చూచి, పరిశ్రమ వచ్చిన మండలమున గిరిజనుల చదువు పెరిగినదని తీర్మానించుట ఇంకను పెద్ద సాహసము.

ఈ సాహసమునకు శాస్త్రలోకమున ఒక పాత మందు కలదు. 1950లో డబ్ల్యు. ఎస్. రాబిన్సన్ అను అమెరికా సమాజశాస్త్రవేత్త తన దేశపు 1930 జనగణనను చేతబట్టి, విదేశములలో పుట్టినవారికిని నిరక్షరాస్యతకును గల సంబంధమును రెండు విధముల గుణించెను. రాష్ట్రముల వారీగా చూచినప్పుడు, విదేశీయులు అధికముగా నున్న రాష్ట్రములలో నిరక్షరాస్యత తక్కువగా నుండి, సహసంబంధ గుణకము మైనస్ 0.53 వచ్చెను. మనుష్యుల వారీగా చూచినప్పుడు, విదేశములలో పుట్టినవానికే నిరక్షరాస్యుడగు అవకాశము కొంచెము హెచ్చని తేలి, గుణకము ప్లస్ 0.12 వచ్చెను. గుర్తే తారుమారైనది. కారణము సులభము: వలస వచ్చినవారు, స్థానికులు బాగుగా చదువుకొనియున్న రాష్ట్రములలోనే ఎక్కువగా స్థిరపడిరి. సారపాక విషయమున ఈ పాఠమును అన్వయించుకొనుట కష్టము కాదు. మండలమునుండి గ్రామమునకు, గ్రామమునుండి అందలి షెడ్యూల్డు తెగల గళ్లకు దిగిపోవుచున్నకొలది సత్యమునకు చేరువగుదుము. గ్రామ సారాంశములో తెగల జనసంఖ్య దొరకును గాని ఆ తెగల అక్షరాస్యులెందరో విడిగా దొరకదు. నిచ్చెన సరిగా ఆ మెట్టువద్దనే విరిగియున్నది.

చదువునుండి సంస్కృతికి వచ్చినచో గళ్ల పెత్తనము ఇంకను బాహాటముగా కనుపించును. 2011లో మీ మాతృభాష ఏదని గణకులు అడిగినప్పుడు దేశప్రజలు చెప్పిన పేరులు 19,569. వానిని వడపోసి 1,369 మాతృభాషలుగాను, తిరిగి కలిపి 121 భాషలుగాను జనగణనశాఖవారు ఏర్పరచి, 2018లో, అనగా ఏడేండ్లకు, ఆ పట్టికలను ప్రకటించిరి. కోయభాష మాట్లాడువారు దేశమంతట 4 లక్షల 7 వేలకు పైగా నున్నట్లు అందు విడిగా నమోదైయున్నది. ఇదే అడవి అంచున కోయగూడెములకు పొరుగున నున్న తండాలలోని లంబాడీల గతి వేరు. 32 లక్షల 76 వేలకు పైబడిన వారి మాటను పట్టిక హిందీ క్రింద నొక పాయగా చూపుచున్నది. హిందీ మాట్లాడువారి మొత్తము కావలసినవాడు ఆ పెద్ద అంకెను తీసికొని పోవును. బంజారా తల్లి తన బిడ్డతో మాట్లాడు మాట ఆ అంకెలో ఉన్నదన్న సంగతియే అతనికి తట్టదు. లెక్క తప్పు కాదు, కూడిక తప్పు కాదు. శీర్షిక ఒక్కటే చాలినది.

షెడ్యూల్డు తెగలను శీర్షికయు ఇట్లే విశాలమైనది. తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు ఆ హోదా 1976 నాటి సవరణ చట్టము వలన లభించినది. అప్పటినుండి కోయ, కొండరెడ్డి, లంబాడీ మొదలగువారందరు ఒకే గడిలో నుందురు. వారిలో ఎవరి పిల్లలు ఎంతవరకు చదివిరన్న ప్రశ్న ఇటీవల రాజకీయముగా వేడెక్కినది. ఆ వివాదమును తీర్చుట ఈ అధ్యాయమునకు పని కాదు. ఒక్క మాట మాత్రము చెప్పవచ్చును. తెగల వారీగా విద్యాస్థాయిని తెలుపు ప్రత్యేక పట్టికలు జనగణనలో కలవు. ఇరుపక్షములవారును వానిని తెరచి చూచినచో, కనీసము తగవు దేనిని గూర్చియో తేలును. పంతుళ్లను గూర్చిన తగవును ఇట్టిదే. షెడ్యూల్డు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయ నియామకములన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో వచ్చిన మూడవ నంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2004 ప్రాంతమున కోయ, గోండి, సవర మొదలగు ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్య నారంభించుటకు ప్రభుత్వము పూనుకొన్నది. పిల్లలకు తమ మాట తెలిసిన పంతులు దొరకుట వలన చదువు నిలిచినదా అను ప్రశ్నకు, బడి బడికి ఉపాధ్యాయుల వివరములను, పై తరగతులకు చేరిన పిల్లల సంఖ్యను ఈ తేదీలకు ముందు వెనుకల పోల్చి చూచుటయే మార్గము. ఆవేశపూరిత వ్యాసములు ఇరువైపుల కావలసినన్ని వచ్చినవి.

ఏ గడిలోను పడనివారును కలరు. 2005 తరువాత దంతెవాడ, బీజాపూరు అడవులలో చెలరేగిన హింసకు జడిసి పొరుగు రాష్ట్రపు సరిహద్దు దాటి వచ్చిన గొత్తికోయల ఆవాసములు భద్రాచలము చుట్టుప్రక్కల అడవులలో వెలసినవి. అటవీభూమిలో నున్న ఆ గుడిసెలు పెక్కింటికి రెవెన్యూ గ్రామమన్న పేరు లేదు; పేరు లేనప్పుడు కోడు లేదు; కోడు లేనప్పుడు మనము పైన చెప్పిన జతకట్టు విద్యలేవియు పనిచేయవు. బడి లేని గ్రామములెన్ని యని పోర్టల్‌ను అడిగినచో, గ్రామమే కానిదానిని అది ఎట్లు చెప్పును? పట్టికలోని సున్నకును, పట్టికలో వరుసయే లేకుండుటకును భేదము కలదని ఈ విద్య నేర్చువారికి మొదటి దినముననే చెప్పవలెను.

లెక్కించుటయు బయటపెట్టుటయు వేర్వేరని తెలంగాణ చరిత్రయే చూపుచున్నది. 2014 ఆగస్టు 19న ఒక్కనాటిలో రాష్ట్రమంతటను సమగ్ర కుటుంబ సర్వే జరిగినది. జనులు పట్టణములనుండి సొంత ఊళ్లకు పరుగెత్తి వచ్చి పేరులు వ్రాయించుకొనిరి. ఆ శ్రమకు తగిన పూర్తి పట్టికలు ప్రజల చేతికి రాలేదు. 2024 నవంబరు 6న ఆరంభమైన సామాజిక, ఆర్థిక, విద్యా, ఉపాధి, రాజకీయ, కుల సర్వే ముఖ్యఫలితములు 2025 ఫిబ్రవరిలోనే వెలువడినవి. షెడ్యూల్డు తెగలు 10.45 శాతమని అందు తేలినది. అంతమాత్రమున ప్రతి కుటుంబపు కాగితమును బజారున పెట్టవలెనని ఎవ్వరును అనరాదు. 1948 నాటి జనగణన చట్టపు పదునైదవ విభాగము ప్రకారము వ్యక్తుల పత్రములను చూచుటకు ఎవరికిని హక్కు లేదు, అవి న్యాయస్థానమున సాక్ష్యముగను చెల్లవు. పది గడపలున్న కొండరెడ్డి గూడెమున పదవ తరగతి చదివిన స్త్రీ ఒక్కరే యని ప్రకటించినచో ఆమె పేరు వేరుగా చెప్పనక్కరలేదు. కావున చిన్న గూడెముల విషయమున రెండు మూడింటిని కలిపి చూపుటయో, అత్యల్ప సంఖ్యలను మూసివేయుటయో అవసరము. ఏ అంకెను ఎందుకు మూసిరో చెప్పి మూయుట వేరు, అసలు పట్టికనే దాచుట వేరు.

2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని జరుగబోవు గణనలో కులమును కూడ అడుగుదురు. హద్దులను 2025 డిసెంబరు 31 నాటికి స్థిరపరుపవలెనని ఆదేశములు వచ్చినవి. ఈ లెక్కతో బూర్గంపాడు సీమలో మొదట చేయదగిన పని యొకటి కలదు. 2011లో ఆరేండ్లలోపువారని అక్షరాస్యత హారమునుండి తొలగింపబడిన పిల్లలు 2027 నాటికి పదునారు మొదలు ఇరువదిరెండేండ్ల వయసువారగుదురు. సర్వశిక్షా అభియాన్, విద్యాహక్కు చట్టము, గురుకులముల విస్తరణము, రాష్ట్ర విభజన, కోవిడ్ నాటి బడిమూత, ఇవన్నియు వారి తలమీదుగా పోయినవి. ఆ ఒక్క వయోవర్గములో పదవ తరగతి దాటినవారెందరో పన్నెండు గ్రామములలోను, ఆంధ్రకు పోయిన ఆరు గ్రామములలోను, తెగల వారీగా, స్త్రీ పురుషుల వారీగా చూడగలిగినచో, ఒకే మండలపు పిల్లలు రెండు రాష్ట్రముల పాలనలో ఎట్లు ఎదిగిరో తెలియును. ఏ ప్రయోగశాలలోను ఏర్పరుపరాని పోలిక యిది. గ్రామ సారాంశములో వయసునకు ఇంతవరకు ఇచ్చిన గడి ఒక్కటే, ఆరేండ్లలోపు అనునది. పదునారు మొదలు ఇరువదిరెండు వరకు మరియొక గడిని గ్రామస్థాయిలో ప్రకటింపుమని జనగణనశాఖను కోరవలసినది పట్టికలు అచ్చుకాకముందే.